బట్టలు ఉండకూడని చోటు

"చూడండి హాల్వర్సన్ గారూ, మా ఆయన డ్వైట్ బట్టలన్నీ తీసేశాం. ఇంక సంతకం పెట్టేయండి," అంటూ మార్లిస్ పడగ్గదిలోని కప్‌బోర్డు తెరిచింది. పక్కింటి తనిఖీకి వచ్చిన కరెంటు ఇన్‌స్పెక్టర్‌ని ఆమే పట్టుబట్టి లోపలికి పిలిచింది.

"ఎందుకు తీశారమ్మా?"

"మెయిన్ స్విచ్ ఉన్న కప్‌బోర్డులో బట్టలు పెట్టకూడదుగా. ఎలక్ట్రీషియన్ పెళ్లాన్ని, ఆ మాత్రం రూలు నాకూ తెలుసు. మీ తనిఖీ అయ్యేదాకా అని, డ్వైట్ రోజుకో పెట్టె డులూత్‌లో వాళ్లక్క ఇంటికి చేరవేశాడు."

"రూలు నిజమే." ఆయన కప్‌బోర్డు గోడకున్న ఇనప పెట్టె మూత తీశాడు. లోపల వైరు ముక్క కూడా లేదు. "కానీ మీ ఆయన స్విచ్‌ని బయటి గోడకి మార్చేశాడమ్మా. పోయిన నెలే నేనొచ్చి చూసి సంతకం పెట్టాను. మీరు పనికి వెళ్లారన్నాడు."

మార్లిస్ కప్‌బోర్డు వైపు తిరిగింది. ఎడమ పక్క హ్యాంగర్లన్నీ ఖాళీ. కుడి పక్క ఆమె గౌన్లు ఎక్కడివక్కడే వేలాడుతున్నాయి.

"నావీ తీసేయాలా అని అడిగానండీ," అంది. "నీవి ఉంటే ఏం కాదులే అన్నాడు."