నూట తొంభై పౌన్లు

"ఆ పెట్టె దింపెయ్," అన్నాడు డెల్బర్ట్.

"నువ్వు దిగిపో. ఇంకా ఎక్కువ తగ్గుతుంది," అంది వైనోనా.

క్వార్ట్‌సైట్‌లో లారీలు ఆగే పెట్రోలు బంకు అది. కాటా మీద తూచి పక్కకి తీసిన, ఇద్దరూ కాపురముండే మోటార్‌హోమ్ గుమ్మంలో, ఓ ఇనప పెట్టె మీద కూర్చుని ఉంది వైనోనా. బండి వెనక కడ్డీకి తగిలించిన కారు. మార్చి సగమైంది. చలికాలం ఎడారిలో గడిపిన ముసలివాళ్ళంతా ఎండలు ముదిరేలోగా ఉత్తరానికి బయలుదేరుతున్నారు.

ముప్ఫై ఏళ్ళు లారీ తోలిన డెల్బర్ట్, కాటా ఎక్కించనిదే దూరప్రయాణానికి బండి కదపడు. బండీ కారూ కలిపి ఇరవై ఆరువేల పౌన్లు మించకూడదు. ఇవాళ చీటీలో నూట తొంభై ఎక్కువ వచ్చింది.

నీళ్ళ తొట్టి నిన్ననే ఖాళీ చేశారు. మడత కుర్చీలు, బల్ల, ఇనప మూకుళ్ళు, పీచ్ పళ్ళు ఊరేసిన పన్నెండు సీసాలు అప్పటికే ఒక్కొక్కటే దించేసింది వైనోనా. సంసారమంతా తారు మీద పరిచినట్టుంది.

"ఇంకా అరవై తగ్గాలి," అన్నాడు డెల్బర్ట్.

ఆవిడ కూర్చున్న పెట్టె సరిగ్గా అరవై.

అందులో ఉన్నవి గారెట్ బూట్లు, వెల్డింగ్ ముసుగు, పనిముట్లు. గారెట్ వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు. తండ్రి ఇల్లమ్మి ఈ బండి కొంటానన్నప్పుడు ఆయనతో తగువుపడి వయోమింగ్ వెళ్ళిపోయాడు. "మళ్ళీ నాకు మొహం చూపించకు," అన్నాడు తండ్రి. వాడు చూపించలేదు. రెండేళ్ళకి, పనిచేసేచోట పైనుంచి పడి చనిపోయాడు. అది జరిగి నాలుగేళ్ళు.

"కొండ దిగేటప్పుడు వెనకున్న కారు బండిని నెడుతుంది," అన్నాడు డెల్బర్ట్. "దానికి వేరే బ్రేకు పెట్టాను. అయినా హద్దు హద్దే. నూట తొంభై చాలు, ఇద్దర్నీ లోయలో పడెయ్యడానికి."

"కొండలున్న దారి ఎవరెక్కమన్నారు? ఏటా పోయే దారి ఏమైంది? ఈ ఏడు వయోమింగ్ ఎందుకు?"

"చెప్పాగా. అక్కడ చేపలు బాగా పడతాయట."

వైనోనా మొహం కందగడ్డయింది.

"చేపల కోసమా? కొడుకుని పూడ్చిన ఊరి పక్కనుంచి, చేపల కోసం పోతావా? వాడు పోయిన రోజు నీకు దారి దొరకలేదు. బస్సెక్కి నేనొక్కదాన్నే వెళ్ళాను. గుర్తుకని సమాధి మీద ఓ రేకుముక్క గుచ్చారు. ఆ మంచుకి అదైనా ఉందో, ఊడిపోయిందో. ఇన్నేళ్ళలో నీ నోట వాడి పేరు ఒక్కసారి వచ్చిందా?"

డెల్బర్ట్ కారు దగ్గరికి వెళ్ళి, అంతకుముందే రెండుసార్లు చూసిన గొలుసుల్ని మళ్ళీ లాగి చూశాడు.

"కారు విప్పెయ్," అంది ఆవిడ. "నేను వెనకాల నడుపుకొస్తాను."

"ఆ కళ్ళతోనా? పొద్దున నా కాఫీలో ఉప్పేశావు."

"చూసే వేశాను."

కాటా దగ్గర చీటీలు రాసే రొసాల్బా సిగరెట్టు కోసం బయటికొచ్చి, తారు మీది సామాను చూసి ఆగింది.

"సంత పెట్టారా అమ్మా? ఆ చిన్న మూకుడు ఎంత?"

"ఊరికే తీసుకో. ఆయన్ని కూడా తీసుకెళ్తే సీసాలన్నీ నీకే."

"మా ఇంట్లో ఒకడున్నాడు, చాలు." రొసాల్బా వైనోనా చేతిలోని చీటీ తీసుకుని చూసింది. "బండిలోంచి దించుతున్నారేం? మీ బండి బాగానే ఉంది. కారే ఎక్కువ తూగింది. పుస్తకంలో దాని బరువెంత?"

"నాలుగువేల నూట నలభై," అంది వైనోనా.

"ఇక్కడ నాలుగువేల మూడు వందల ముప్ఫై ఉంది."

"రొసాల్బా, కాటా దగ్గర నీ కోసం లారీలు ఆగున్నాయి," అన్నాడు డెల్బర్ట్.

రొసాల్బా మూకుడు చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. వైనోనా వేళ్ళ మీద లెక్కేసుకుంది. మళ్ళీ వేసుకుంది. అప్పుడు పెట్టె మీంచి లేచింది.

"నూట తొంభై," అంది. "కారులో ఏం పెట్టావు?"

డెల్బర్ట్ చెయ్యి జేబులోని తాళం మీదికి పోయింది.

"రాళ్ళేనా? చలికాలమంతా ఆ రాళ్ళ దుకాణాల చుట్టూ తిరిగావు. రాళ్ళు పోగుచేసే పిచ్చి వదిలేశానని నాతో ఒట్టేశావు."

"నా రాయి ఒక్కటి కూడా లేదు."

"తాళం ఇయ్యి."

"ఇప్పుడు వద్దు వైనోనా. డిక్కీ జోలికి పోకు."

ఆవిడ సంచీలో ఇంకో తాళం ఉంది. డెల్బర్ట్ అడ్డం వచ్చాడు. ఆవిడ మోచేత్తో పక్కకి తోసింది. డిక్కీ తెరిచింది.

వాళ్ళ పాత మంచం దుప్పటి, దానికి నాలుగు వరసల తాడు. వైనోనా చెయ్యి వేసి తడిమింది. గట్టిగా, చల్లగా తగిలింది. అంచు చేతికి కోసుకుంది.

"రాయే," అంది. "నలభై ఏడేళ్ళు కాపురం చేసి, నా మొహం మీదే అబద్ధమాడావు. నా కొడుకు బూట్లు రోడ్డు మీద పారెయ్యాలి. నీ రాయిని మాత్రం దుప్పటి కప్పి పడుకోబెట్టాలి. అంతేనా?"

డెల్బర్ట్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"దీన్ని ఇక్కడే, నీ కళ్ళముందే దొర్లిస్తాను చూడు," అంటూ ఆవిడ తాళ్ళు తెంపినంత పని చేసి, దుప్పటి లాగి అవతల పారేసింది.

నున్నటి బూడిదరంగు పలక మీద గారెట్ పేరు చెక్కి ఉంది.