రెప్పపాటు

"గ్లవ్స్ వేసుకోమ్మా," అన్నాడు తాడేపల్లిగూడెంలో కిక్‌బాక్సింగ్ నేర్పే ఫణీంద్ర మాస్టారు.

"వద్దండి," అంది విజయదుర్గ. ఏలూరులో బస్సెక్కినప్పుడు బిగించిన పిడికిలి ఇంకా విప్పలేదు.

"మీ తమ్ముడు శ్రీకర్ సంగతేగా? దెబ్బకి భయపడి కళ్ళు మూసుకున్నాడు. ఇక్కడ కళ్ళు మూసుకుంటే ఇంకో దెబ్బ, అదే రూలు. అలాగైతేనే ఒళ్ళు రాటుదేలుతుంది."

"ఆ ఇంకో దెబ్బకే వాడి కర్ణభేరి పగిలిందండి."

"మీ కరాటేలో ఒంటికి తగలకుండా ఆపేస్తారు. అది ఆటమ్మా, ఫైటింగ్ కాదు."

వెనకున్న శిష్యులు నవ్వారు.

"రా, ముందు నువ్వే కొట్టు," అన్నాడు చేతులు దించి.

తమ్ముడి చెవిలోని నెత్తుటి దూది తలుచుకుని, ప్రాణమంతా పెట్టి గుద్దింది.

పిడికిలి అతని ముక్కుకి వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయింది. చెయ్యి ఆమె మాట వినలేదు, ఏళ్ళ తరబడి చేసిన సాధన మాట వింది. విజయదుర్గకి ఏడుపొచ్చినంత పనైంది. ఇంత కసితో వచ్చి చేసింది ఇదా?

అప్పుడు గమనించింది, నవ్వులు ఆగిపోయాయని. శిష్యులు చూస్తున్నది ఆమెను కాదు, మాస్టారిని.

ఫణీంద్ర కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

ఆమె పిడికిలి దించలేదు.

"కళ్ళు తెరవండి మాస్టారూ," అంది నెమ్మదిగా. "రూలు ప్రకారం మీకు ఇంకో దెబ్బ ఉందండి. చెవి మానాక మా తమ్ముడే వచ్చి కొడతాడు. అందాకా కన్ను మూయకండి."