సూదులావిడ

మిషను చప్పుడుకి ఏనాడూ లేవని పాప తలుపు చప్పుడుకి లేచి ఏడుపు అందుకుంది.

టైలరమ్మ కుట్టు ఆపి విసురుగా తలుపు తీసింది.

గుమ్మంలో పై వాటాలో కొత్తగా దిగిన ఆవిడ. అరవై ఏళ్ళుంటాయి. చేతిలో నోటుపుస్తకం.

"మీ పెద్దవాడికి తట్టు సూది ఎప్పుడు వేయిద్దాం, అమ్మాయ్?"

"నిన్ననే వద్దన్నానుగా, పిన్నిగారూ!"

"అది నిన్న కదా."

లోపల్నుంచి అత్తగారు అందుకుంది. "సూది వేయిస్తే జ్వరం వస్తుంది. మా రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా? మేం పెరగలేదూ?"

"పెరిగినవాళ్ళం కాబట్టే ఇలా మాట్లాడుకుంటున్నాం, వదినగారూ," అందావిడ నెమ్మదిగా. "పెరగనివాళ్ళు వచ్చి ఏం చెప్తారు?"



వీధిలో పిల్లలు అప్పటికే ఆవిడకి సూదులావిడ అని పేరు పెట్టేశారు. పెద్దవాళ్ళు ఆరోగ్య కేంద్రంలో నర్సు అనుకున్నారు.

"పై అధికారులు లెక్కలడుగుతారు. అందుకే ఈ తిరుగుడు," అన్నాడు ఎదురింటి ఎలక్ట్రీషియన్.

ఆవిడ ఎవరితోనూ పోట్లాడలేదు. పనికి పోయే తల్లుల పిల్లల్ని తనే కేంద్రానికి తీసుకెళ్ళింది. ఎవరికైనా ఒళ్ళు వెచ్చబడితే సాయంత్రం దాకా పక్కనే కూర్చుని తడిగుడ్డతో తుడిచింది. ఎలక్ట్రీషియన్ కవలల్ని రెండు చంకల్లో వేసుకుని వెళ్ళి, రెండు ఏడుపులతో తిరిగొచ్చింది.

వీధిలో సూది పడాల్సిన పిల్లలు ముప్ఫై ఏడుగురు. చివరికి మిగిలింది టైలరమ్మ కొడుకొక్కడే.

"మావాడొక్కడు వేయించుకోకపోతే కొంపలు మునుగుతాయా?" అంది టైలరమ్మ.

"వాడు గట్టివాడు, తట్టొచ్చినా లేచి తిరుగుతాడేమో. కానీ ఇంటికొచ్చి ఎవరికి అంటిస్తాడు?"

ఆవిడ చూపు ఉయ్యాల వైపు తిరిగింది. నాలుగు నెలల పాప కాళ్ళు తపతపా కొడుతోంది.

"దానికి సూది వెయ్యాలంటే తొమ్మిది నెలలు నిండాలి. అంతవరకూ చుట్టూ ఉన్నవాళ్ళే దానికి కాపలా."

టైలరమ్మ మిషను మీద గుడ్డ అలాగే వదిలేసి, చెప్పులు వేసుకుని కొడుకు చెయ్యి పట్టుకుంది.

రెండు నెలలకి తట్టు రానే వచ్చింది.

వెనక వీధిలో మొదలై బడికి పాకింది. ఆ వీధిలోనే పదకొండు మంది పిల్లలు మంచం పట్టారు. ఒక పిల్లని ఆక్సిజన్ మీద పెట్టి, అతి కష్టం మీద బతికించారు.

టైలరమ్మ కొడుకు పక్కన బెంచీలో కూర్చునేవాడికి కూడా వచ్చింది. వీడికి రాలేదు. ఈ వీధిలో ఏ గుమ్మంలోకీ రాలేదు.

పాప బోర్లా పడింది. పాకింది. అత్తగారి కళ్ళజోడు లాగి విరిచింది.

ఆ మధ్యలోనే ఒకరోజు పై వాటావిడ సామాను ఆటోలో ఎక్కిస్తూ కనిపించింది. టైలరమ్మ బడి యూనిఫారాల హడావిడిలో ఉండి, కిటికీలోంచే చెయ్యి ఊపింది. కేంద్రంలోనే ఉంటుందిగా, తీరిగ్గా కలవొచ్చు అనుకుంది.

పాపకి తొమ్మిది నెలలు నిండిన వారం, ఎవరూ తలుపు కొట్టకుండానే, టైలరమ్మ ఆరోగ్య కేంద్రానికి వెళ్ళింది. అత్తగారు కూడా వెంట వచ్చింది.

సూది పడింది. పాప కెవ్వుమంది. నర్సు మెడలో గుర్తింపు కార్డు చేతికి దొరగ్గానే ఏడుపు మరిచిపోయింది.

"ఇక్కడ పనిచేసే పెద్ద నర్సుగారు ఏరీ?" అడిగింది టైలరమ్మ. "మా పై వాటాలో ఉండేవారు. ఇంటింటికీ తిరిగేవారు. పాపని చూపించి వెళదామని."

"ఆవిడా! ఇక్కడ పనిచెయ్యదమ్మా. బిస్కెట్ల ఫ్యాక్టరీలో రాత్రిపూట ప్యాకింగు చేసేదట. ఇప్పుడు ఊరే మారిపోయింది."

"మరి మా వీధికి ఎవరు పంపారు?" అంది అత్తగారు.

"ఎవరూ పంపలేదు. ఒకరోజు తనే వచ్చి, 'కింద వాటాలో మా మనవరాలుంది, ఇంకా సూది వేసే వయసు రాలేదు, ఏం చెయ్యాలి?' అనడిగింది. చుట్టుపక్కల పిల్లలందరికీ వేయించమన్నాను."

నర్సు టైలరమ్మ మొహంలోకి వింతగా చూసింది.

"అదేంటమ్మా, మీరు ఆవిడ కూతురు కాదా?"