లోపల సున్నా

మేడమీది గది తలుపుకి తాళం నేనే తయారుచేశాను. గుమ్మానికి బిగించిన సెన్సర్ వచ్చేపోయేవాళ్ళని లెక్కపెడుతుంది. లోపల సున్నా అయితే దీపం ఆరి, గడియ పడుతుంది. ఎవరూ లేనప్పుడే కదా పడేది, లోపలివైపు తెరిచే మీటెందుకని పెట్టలేదు.

ఒక సాయంత్రం ఆ తాళాన్ని నడిపే సర్క్యూట్ బోర్డు కాలిపోయింది. కొత్తది బిగించి, పాత ప్రోగ్రామంతా చెరిపేసి మళ్ళీ మొదటినుంచి రాశాను. అర్ధరాత్రికి బుద్ధిగా పనిచేసింది. తెరమీద లోపలివాళ్ళ లెక్క ఒకటి. అది నేనే.

గుమ్మం దగ్గర సెన్సర్ టిక్కుమంది. ఒకటి సున్నా అయింది.

నేను కుర్చీలోంచి కదల్లేదు.

దీపం ఆరింది. గడియ పడింది. మెట్లమీద తెగిన చెప్పు ఈడ్చుకుంటూ ఎవరో దిగిపోతున్నారు. చీకట్లో కాళ్ళతో కుర్చీకింద తడిమాను. అక్కడ విడిచిన నా తెగిన చెప్పులు లేవు.

తలుపు ఎంత నెట్టినా రాలేదు. కింద ఉన్న అక్కకి ఫోన్ చేశాను.

"అక్కా, పైన ఇరుక్కుపోయాను. వచ్చి తలుపు తియ్యి."



"నువ్విక్కడే అన్నం తింటున్నావు కదరా," అంది అక్క మెల్లగా.

అవతల కంచం జరిపిన చప్పుడు. తరవాత నింపాదిగా నా గొంతు.

"ఫోన్ పెట్టెయ్యక్కా. పైన ఎవరూ లేరు."