తేన్మొళి ఫోటోకి దండ

మా ఆయన ఒక టీవీ సీరియల్లో నటిస్తాడు. అందులో ఆయన భార్య వేషం తేన్మొళిది. ఈ రోజు కథలో ఆ భార్య చచ్చిపోయింది. ఫోటోకి దండ వేసి చూపించారంటే ఆ నటి ఇక తిరిగి రానట్టే.

రెండేళ్ళుగా తేన్మొళి టీవీలో కనిపిస్తే చాలు, మా ఆయన రెప్ప వెయ్యడు. కంచంలో దోసె చల్లారిపోయేది. నా కడుపు మాత్రం మండుతూనే ఉండేది.

ఈ రోజు ఏడుస్తాడనుకున్నాను. "పీడ వదిలింది. ఆమెని తీసేశారు. ఇంకో దోసె వెయ్యి" అన్నాడు.

అంతలో తలుపు తట్టి తేన్మొళే వచ్చింది, చేతిలో మైసూర్‌పాక్ డబ్బాతో.

"ఏం పాపా, నా చావు చూశావా? ఆ దండ నేనే అడిగి వేయించుకున్నా. సినిమా వచ్చింది, హీరోయిన్‌గా! మీ ఆయన్ని నీకప్పగించేస్తున్నా, జాగ్రత్తగా చూసుకో తల్లీ!"

నేను సిగ్గుపడుతూ డబ్బా అందుకుని బల్ల మీద పెట్టాను. ఆయన "సంతోషం మేడమ్" అన్నాడు, గోడకేసి చూస్తూ.

ఆమె మెట్లు దిగగానే డబ్బా అవతలికి తోసేశాడు.

"దానికి హీరోయిన్ వేషమా? సినిమా వేషాల కోసం కోడంబాక్కంలో చెప్పులరిగేలా తిరిగింది నేను! ఏ సీన్ చూసినా క్లోజప్పు దానిది, వీపు నాది. రోజూ చూస్తూనే ఉన్నాగా! ఆ ముక్కు చూశావా? ఎడంవైపు నుంచి వంకర!"

ఇన్నాళ్ళూ నేను ప్రేమనుకున్న చూపు ఇదా!

"కుడివైపు నుంచి కూడా వంకరేనండీ" అన్నాను.

ఆయన గబుక్కున నా వైపు తిరిగి, "నువ్వూ చూశావా!" అంటూ పక్కకి జరిగి చోటిచ్చాడు.

నేను పొయ్యి ఆర్పేసి వచ్చి కూర్చున్నాను. పెళ్ళయ్యాక మేమిద్దరం అంతసేపు కబుర్లు చెప్పుకోవడం అదే మొదలు.