గోడ మీద పళ్ళెం

“ఇంకో మూడు నెలలు చూస్తానండీ. అప్పటికీ నాతో మాట్లాడే ఆడమనిషి దొరక్కపోతే నన్ను కాకినాడ పంపించేయండి,” అంది దమయంతి.

రామ్మోహన్ తలొంచుకుని పెసరట్టు తింటున్నాడు. భార్య వెళ్ళిపోతే మళ్ళీ పెసరట్టు దొరకదని అతనికి తెలుసు. ఆమె లేకపోతే తను ఆ ఇంట్లో ఉండలేడనీ తెలుసు. రెండోది పైకి అనలేదు, అలవాటు లేదు.

అది 1992. ఒమాన్‌లో సహం అనే ఊరి దగ్గర ఒక స్పెయిన్ కంపెనీ మంచినీళ్ళ ప్లాంటు కడుతోంది. రామ్మోహన్ అందులో ఇంజనీరు. కాలనీలో పన్నెండు ఇళ్ళు. పదకొండింటిలో స్పెయిన్ వాళ్ళు, పన్నెండో దాంట్లో వీళ్ళిద్దరూ.

మధ్యాహ్నం మూడింటికి భోజనం చేసి ఐదింటి దాకా కాలనీ అంతా తలుపులేసుకుని పడుకుంటుంది. సాయంత్రం ఆడవాళ్ళు ఆరుబయట కుర్చీలేసుకుని గలగలా మాట్లాడుకుంటారు. దమయంతి గేటు దగ్గర నిలబడి బుగ్గలు నొప్పి పుట్టేదాకా నవ్వుతుంది. వాళ్ళూ నవ్వుతారు. అంతే. కాకినాడలో నలుగురు పక్కింటివాళ్ళతో ఏకకాలంలో మాట్లాడిన మనిషికి ఇది శిక్షే.

“ఫికర్ జెయ్యకుండ్రి మేడం,” అన్నాడు కంపెనీ డ్రైవర్ బాబు మియా. హైదరాబాద్ మనిషి. “పదేండ్ల సంది వీళ్లతోనే డ్యూటీ జేస్తున్న. దిల్ మంచిది వీళ్లది. జర టైం ఇయ్యిండ్రి.” ఆ రోజు నుంచే బజారుకు తీసుకెళ్ళేటప్పుడల్లా ఆమెకు రెండేసి స్పానిష్ మాటలు నేర్పడం మొదలుపెట్టాడు.

వారం తిరగకుండానే అద్భుతం జరిగింది. రెండిళ్ళకూ మధ్య ఉన్న పొట్టి గోడ మీద ఒక పళ్ళెం. అందులో అన్నం, చేప ముక్కలు. పక్కింటి పిలార్ తెచ్చిపెట్టి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకోవడం దమయంతి కిటికీలోంచి కళ్ళారా చూసింది.

“గోడ మీద పెట్టడమేమిటి? చేతికివ్వచ్చుగా?” అన్నాడు రామ్మోహన్.

“మా అమ్మ పక్కింటి వాళ్ళకు పులుసు గిన్నె ఎక్కడ పెట్టేది? గోడ మీద కాదూ? ఆడవాళ్ళ సంగతి ఏ దేశంలోనైనా ఒకటేనండీ.”

రామ్మోహన్ ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఉప్పు లేదు, కారం లేదు, ముళ్ళు మాత్రం ఉన్నాయి. ఆఫీసులో తినొచ్చానని చెప్పి లేచాడు. దమయంతి లేవలేదు. ఒకరు ప్రేమగా పెట్టింది పారేస్తే కళ్ళు పోతాయి. ఆవకాయ నంజుకుని పళ్ళెం ఖాళీ చేసింది.

ఖాళీ పళ్ళెం తిరిగి పంపడం వాళ్ళింటా వంటా లేదు. కడిగి, పులిహోర నింపి, సాయంత్రం గోడ మీద పెట్టింది. పిలార్ బయటికి వచ్చి చూసింది. ఒక్క క్షణం ఆశ్చర్యపోయి, గుండె మీద చెయ్యి వేసుకుని, “గ్రాసియాస్,” అని థాంక్స్ చెప్పింది. దమయంతికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

మర్నాడు పొద్దున పులిహోర పులిహోరలాగే ఉంది.

దమయంతి ఆ రోజంతా ముభావంగా ఉంది. కానీ ఓడిపోయే రకం కాదు. సాయంత్రం వంజరం ముక్కలు వేయించి పెట్టింది. తెల్లారేసరికి పళ్ళెం నాకేసినట్టు ఖాళీ. తర్వాత పెరుగన్నం పెట్టింది. అదీ ఖాళీ. బీరకాయ పచ్చడి మాత్రం ముట్టలేదు.

“వీళ్ళకు కూరగాయలు పడవండీ. పులుపూ పడదు. చేపా పెరుగూ ఉంటే చాలు, పాపం,” అని తేల్చింది.

ఇక అదే దినచర్య. మధ్యాహ్నం మూడింటి దాకా ఆకలితో మాడి పిలార్ పెట్టింది తినడం, సాయంత్రానికి వండి పెట్టడం. ఉప్పూ కారం తగ్గించింది. చేపలో ముళ్ళు ఏరి మరీ పెట్టేది, వాళ్ళింట్లోనైనా ఎవరి గొంతులోనూ గుచ్చుకోకుండా. వంజరం కోసం చేపల మార్కెట్‌కు పొద్దున్నే పరుగు. పైకి అనే ధైర్యం రామ్మోహన్‌కు లేదు గానీ, ఇంట్లో మంచి ముక్కలన్నీ గోడ మీదికే వెళుతున్నాయి.

మూడు నెలలూ నిండే గురువారం పిలార్ స్వయంగా ఇంటికొచ్చింది. సాయంత్రం కాలనీలో విందు, తప్పకుండా రావాలి. వచ్చీరాని మాటలతో, చేతులతో, ఆ సంగతి దమయంతికి అర్థమైంది.

పట్టుచీర కట్టుకుని వెళ్ళింది. పదకొండు ఇళ్ళ ఆడవాళ్ళూ వరసగా వచ్చి రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టుకున్నారు. రామ్మోహన్‌కు కూడా పెట్టారు. అతను చెవుల దాకా ఎర్రబడి ఒక కుర్చీ వెనక్కి చేరాడు. దమయంతిని మధ్యలో కూర్చోబెట్టారు. ఒకామె ఆమె చీర అంచు పట్టుకు చూసింది, ఇంకొకామె చెయ్యి వదల్లేదు.

“కాకినాడ మాట ఇంకెప్పుడూ ఎత్తనండీ,” అంది దమయంతి భర్తతో.

పిలార్ లేచి చెంచాతో గ్లాసు మీద కొట్టింది. అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె గద్గదంగా మాట్లాడుతోంది. మధ్య మధ్య దమయంతి పేరు వినిపిస్తోంది. అందరూ చప్పట్లు కొడుతున్నారు. దమయంతి నేర్చుకున్న మాటలు యాభై దాకా ఉంటాయి. వాటిలో రెండు మూడు తగిలేసరికి ఆమె నవ్వు ముఖం మీద అలాగే నిలిచిపోయింది.

“ఏమంటున్నారు ఆవిడ?” అన్నాడు రామ్మోహన్ గర్వంగా, పక్కనే నిలబడ్డ బాబు మియాతో.

బాబు మియా కళ్ళు తుడుచుకున్నాడు. “‘మేమందరం కంచాలల్ల మిగిలింది గోడ మీద పెట్టి పిల్లులను సాకుతున్నమని గొప్పలు జెప్పుకుంటున్నం గాని, ఈ తల్లి రోజు ఆ పళ్లెం కడిగి, ముళ్లు దీసి, వాటికి తాజాగ వండి పెడ్తది’ అంటున్నది సార్.”