ఆరో స్లాబు నాటి కడుపు

ముంబైలో వలస కూలీలకు ఇప్పుడు డాక్టర్లు లేరు, గోడకు బిగించిన యంత్రాలున్నాయి. చట్టం వారానికోసారి మారుతోంది కాబట్టి, మనిషి కంటే యంత్రమే త్వరగా బుద్ధి మార్చుకుంటుందని సర్కారు నమ్మకం.

పాలమూరు నుంచి పనికొచ్చిన అంజిలమ్మ ఏడు నెలల కడుపుతో అలాంటి ఒక యంత్రం ముందు నిలబడింది. పొద్దున్నుంచి రక్తం కనబడుతోంది.

"గర్భం ఎప్పటిది?" అని అడిగింది యంత్రం.

"ఆరో స్లాబు పోసిననాడే నెల తప్పింది సారూ."

వాళ్ల గుంపులో ఆడవాళ్లు నెలలు లెక్కపెట్టేది అలాగే. యంత్రం వెంటనే బిల్డరు పత్రాలు తెరిచింది. ఆ అంతస్తుకు అనుమతి ఇంకా రాలేదు గనక, స్లాబు దసరాకు పోస్తామని ఆయన రాసిచ్చాడు. నిన్న మారిన చట్టం ప్రకారం కూలీ మాట చెల్లదు, యజమాని కాగితమే చెల్లుతుంది.

"మీ గర్భం దసరాకు మొదలవుతుంది. అప్పుడు రండి. శుభాకాంక్షలు."

అంజిలమ్మ పొట్ట చూసుకుంది. ఎదురుగా తాను ఇటుకలు మోసిన తొమ్మిదంతస్తుల భవనాన్నీ చూసింది.

"నాకు శ్రావణంలనే కానుపు సారూ," అంది. "బతికుంటే దసరాకు బిడ్డను సంకనేసుకొనే వస్త. అప్పుడు రాసుకో, నేను కడుపుతోటున్ననని."